స్టుట్‌గార్ట్ ఇండోర్ క్లే టెన్నిస్: టికెట్, సీటు, నా అనుభవం

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, హాల్లో క్లే (మట్టి) కోర్టు మీద జరిగే మహిళల టోర్నీ పోర్షే టెన్నిస్ గ్రాండ్ ప్రి అనగానే అందరూ ఫైనల్ టికెట్ కోసం ఎగబడతారు. నేను మాత్రం బుధ, గురువారాలకే కొంటాను. సింగిల్స్ డ్రాలో 28 మందే, టాప్ నలుగురు సీడ్లకు (ర్యాంకు బట్టి ముందు పెట్టినవాళ్ళకు) మొదటి రౌండ్ బై, అంటే ఆడకుండానే ముందుకు. వాళ్ళు దిగేది రెండో రౌండ్‌లోనే కాబట్టి ఒక్క టికెట్ మీద పెద్ద పేర్లు, వరస మ్యాచ్‌లు. ఈస్టర్ దగ్గరపడితే తేదీలు చూసుకోండి, 2025లో ఫైనల్ సోమవారం పడింది.

క్వాలిఫయింగ్‌నీ (మెయిన్ డ్రాలో చోటు కోసం ఆడే మ్యాచ్‌లు) చిన్నచూపు చూడొద్దు. 2016లో జర్మన్ ప్లేయర్ లారా జీగెముండ్ అక్కణ్ణుంచే ఫైనల్ దాకా వచ్చి అంజెలిక్ కెర్బర్ చేతిలో ఓడింది. మరుసటేడు వైల్డ్ కార్డుతో (నిర్వాహకులు నేరుగా ఇచ్చే చోటు) వచ్చి టైటిల్, బహుమతి కారు రెండూ పట్టుకెళ్ళింది.

మెయిన్ స్టేషన్ నుంచి ఎస్1 లోకల్ రైలు ఎక్కి, బాద్ కాన్‌స్టాట్ తర్వాత నెకార్‌పార్క్‌లో దిగితే కాస్త నడక. కారు వద్దు. పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం, ఆరోజు మ్యాచ్ ఉందంటే ఇరుక్కుపోయినట్టే.

సీటు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక, కాస్త పైవరసల్లో తీసుకుంటాను. టాప్‌స్పిన్ (ముందుకు తిరుగుతూ వచ్చే బంతి) ఎంత ఎత్తు లేస్తోందో, కోణం ఎలా తెరుచుకుంటోందో అక్కణ్ణుంచే తెలుస్తుంది. మరీ కింద కూర్చుంటే ఇవతలి ప్లేయరే అడ్డం. కింది వరసల్లో లేచారంటే ఛేంజోవర్ (ప్లేయర్లు వైపులు మారే విరామం) దాకా లోపలికి రానివ్వరు. ఆ విరామం 90 సెకన్లే, కాఫీ లైన్‌కి చాలదు. మళ్ళీ కూర్చునేసరికి రెండు గేములు పోతాయి. సెట్ మొదటి గేమ్ తర్వాత ప్లేయర్లు అసలు కూర్చోరు, అప్పుడు కదలకండి.

హాల్లో గాలి ఉండదు, సర్వ్‌కి ఎగరేసిన బంతి చెదరదు. అందుకే ఇక్కడి క్లే బయటి క్లే కన్నా వేగంగా అనిపిస్తుంది. ఎర్ర ఇటుక పొడి ఆరిపోతే కాలు జారుతుంది, కనుక నీళ్ళు చల్లడం, సెట్ల మధ్య కోర్టు మీద వల లాగి చదును చేయడం, గీతలు ఊడ్వడం తప్పవు. 2025లో బంతి లోపలో బయటో చెప్పే ఎలక్ట్రానిక్ కాల్స్ వచ్చాయి. అంపైర్ దిగొచ్చి మట్టి మీద బంతి పడ్డ గుర్తు చూసినా దాంతో తీర్పు మారదు. ఆ ఏడాది ఒప్పుకోని ప్లేయర్ సబలెంకా ఫోన్ తెచ్చి ఆ గుర్తును ఫొటో తీసి, వార్నింగ్ తిన్నది.

డబుల్స్ మొదలైందని లేచిపోవద్దు. 2016 ఫైనల్లో మన సానియా, హింగిస్ తొలి సెట్ 6-2తో గెలిచి, చివరికి 10 పాయింట్ల టైబ్రేక్‌లో గార్సియా, మ్లాదెనోవిచ్ జోడీకి ఓడారు. మూడో సెట్ బదులు టైబ్రేకే కాబట్టి తిండికి వెళ్ళొచ్చేలోపు మ్యాచ్ అయిపోవచ్చు.