దేవస్థల్ కొండ మీద ఒక పరారుణ రాత్రి

ఉత్తరాఖండ్‌లోని కాఠ్‌గోదామ్‌లో రైలు దిగింది మొదలు దేవస్థల్ చేరేవరకు సాగిన కొండదారి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సుమారు 2,450 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం మీద 2016లో ప్రారంభమైన 3.6 మీటర్ల టెలిస్కోపు ఉంది. దానికి అమర్చిన టాన్‌స్పెక్ అనే వర్ణపటమాపకంతో (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి చూపే పరికరం), వృషభరాశిలోని ధూళిమేఘంలో కూరుకుపోయి ఉన్న ఒక పసి నక్షత్రాన్ని పరిశీలించాలని వెళ్ళాను. ధూళి వల్ల కాంతి తగ్గడమన్నది, నక్షత్రాల వెలుగును కొలిచే మాగ్నిట్యూడ్ లెక్కలో, పరారుణంలో 2.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దగ్గర దృశ్యకాంతిలో ఉన్నదానికి దాదాపు పదోవంతే కనుక అలాంటి నక్షత్రాలకు పరారుణమే దారి.

మాకు దక్కింది వెన్నెల రాత్రి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ గాలిలో వెన్నెల చెదరడం బాగా తగ్గుతుంది కాబట్టి దాని గురించి నాకు విచారం లేదు. విసిగించింది తేమ. లోయలోంచి లేచిన మంచు తగ్గేదాకా డోమ్ తెరవలేదు. అద్దం మీద నీరు చేరకుండా పెట్టుకున్న ఆ నియమం న్యాయమైనదే అయినా, మన నక్షత్రం పడమటికి జారుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టం.

తెరిచాక వచ్చిన మొదటి చిత్రంలో నక్షత్రం కంటే ఆకాశమే ప్రకాశవంతంగా కనిపించింది. దాదాపు 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న హైడ్రాక్సిల్ అణువులు రాత్రంతా పరారుణంలో వెలుగుతూనే ఉంటాయి, ఆ వెలుగు నిమిషాల్లోనే మారిపోతుంది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో దృశ్యకాంతి వర్ణపటాలు తీసిన రోజుల్లో నక్షత్రాన్ని స్లిట్ మీద, అంటే వర్ణపటమాపకంలోకి కాంతి వెళ్ళే సన్నని చీలిక మీద, నిలిపి అరగంటకు పైగా అలాగే వదిలేసేవాళ్ళం. ఇక్కడ ఆ నిశ్చింత లేదు. కొద్ది నిమిషాలకొకసారి నక్షత్రాన్ని స్లిట్‌లోనే ఒక చోటి నుంచి మరో చోటికి జరిపి, ఒక చిత్రంలోంచి రెండోదాన్ని తీసివేస్తే గాని ఆకాశపు గీతలు పోవు.

అంతటితో గాలి మనల్ని వదలదు. 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి కాంతిని దాదాపుగా మింగేస్తుంది, మిగతా చోట్ల కూడా తన గాట్లు పెడుతుంది. వాటిని సరిదిద్దడానికి మన లక్ష్యానికి దగ్గరగా, ఆకాశంలో దాదాపు అంతే ఎత్తులో ఉన్న ఒక ఏ0 తరగతి నక్షత్రాన్ని (వేడి తెల్ల నక్షత్రాల్లో ఒక రకం) వెనువెంటనే చూసి, మన లక్ష్యపు వర్ణపటాన్ని దాని వర్ణపటంతో భాగించాలి. ఎవరికీ ఆసక్తి లేని నక్షత్రానికి ఇంత సమయమెందుకని కొందరు గొణుగుతారు, నేను ఒప్పుకోను. అయితే ఆ నక్షత్రపు వర్ణపటంలో హైడ్రోజన్ శోషణ రేఖలు, అంటే కాంతి తగ్గిన గీతలు, ఉంటాయి. వాటిని ముందుగా తొలగించకుండా దానితో భాగిస్తే 2.166 మైక్రాన్ల దగ్గర లేని ఉద్గార రేఖ, అంటే కాంతి పెరిగిన గీత, పుట్టుకొస్తుంది. పసి నక్షత్రం మీదకు పదార్థం వచ్చిపడుతోందని చెప్పే బ్రాకెట్ గామా అనే హైడ్రోజన్ రేఖ ఉండేది సరిగ్గా అక్కడే. నేను వెతుకుతున్నదీ దాన్నే.

తెల్లవారాక ఆ సవరణలన్నీ చేసి చూసినా రేఖ నిలిచింది. ఆనందంతో నిద్ర పట్టలేదు. పదార్థం పడే వేగం మారుతుంటే రేఖ బలమూ మారుతుంది కనుక, వృషభరాశి సూర్యుడి చాటుకు పోయేలోపే ఇంకొక రాత్రి కావాలని దరఖాస్తు పెట్టి, అందులో ఏ0 నక్షత్రానికి పట్టే సమయాన్ని విడిగా కలిపి అడిగాను.