83 డిగ్రీల స్పర్శరేఖ: నా బొమ్మల అసిస్టెంట్ ఎంతవరకు వచ్చిందంటే

మా అక్క కాజీపేటలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఆదివారం ఆదివారం టెస్ట్ పెడుతుంది. ప్రశ్నలు తనే టైప్ చేసుకుంటుంది గానీ, బొమ్మల దగ్గరికి వచ్చేసరికి ఫోన్ నాకు. "తమ్మీ, ఒక వృత్తం, బయట ఒక బిందువు, రెండు స్పర్శరేఖలు. పొద్దుగూకేలోపు పంపు." ఇన్నాళ్లూ జియోజెబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గీసి పంపేవాణ్ని. దసరా సెలవుల్లో పట్టుబట్టి కూర్చున్నాను. అక్క తెలుగులో ఒక వాక్యం రాస్తే చాలు, బొమ్మ దానంతట అదే రావాలి.

బొమ్మలు సృష్టించే ఏఐని ఒక పూట వాడి వదిలేశాను. రంగులు బాగానే ఉన్నాయి గానీ త్రిభుజానికి నాలుగు శీర్షాల పేర్లు పెట్టింది. కాబట్టి ఏఐ బొమ్మ గీయకూడదు, బొమ్మ గీసే కోడ్ రాయాలి. ఆ కోడ్ పేరు టిక్‌జెడ్. కోడ్ రాసి పేజీలు తయారుచేసే లాటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మల కోసం ఉన్న భాగం అది. దీని పేరును జర్మన్‌లో విడదీస్తే 'టిక్‌జెడ్ బొమ్మలు గీసే ప్రోగ్రామ్ కాదు' అని వస్తుంది. పేరులోనే హెచ్చరించారన్నమాట.

నా లాప్‌టాప్‌లో ఉబుంటు, 16 జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏఐ మోడళ్లను సొంత కంప్యూటర్‌లోనే నడిపే ఒల్లామా వేసి, కోడ్ రాసే క్వెన్ 2.5 కోడర్ 7బీ మోడల్ దించుకున్నాను. 4.7 జీబీ, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి వచ్చేసింది. మధ్యలో చిన్న పైథాన్ స్క్రిప్ట్ ఉంటుంది. అది వాక్యాన్ని 11434 పోర్టులో ఉన్న మోడల్‌కు పంపి, వచ్చిన జవాబులోంచి కోడ్ మాత్రమే తీసి, దాన్ని పీడీఎఫ్‌గా మార్చే లువాలాటెక్‌కు ఇస్తుంది. తప్పు వస్తే ఆ తప్పును మళ్లీ మోడల్‌కే పంపుతుంది. మూడుసార్లు చూసి కాకపోతే వదిలేస్తుంది. ఒక్కో బొమ్మకు రెండు మూడు నిమిషాలు, అంటే చాయ్ పెట్టుకునేంత టైమ్.

మొదట్లో, లాటెక్ తన పనీ తప్పులూ రాసిపెట్టే లాగ్ ఫైల్ మొత్తం పంపేవాణ్ని. వందల లైన్లు. ఆ భారానికి నేను మొదట ఇచ్చిన సూచనలే మోడల్ మర్చిపోయి, బొమ్మ మానేసి క్షమాపణలు మొదలుపెట్టేది. ఇప్పుడు లాగ్‌లో ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే లైను, దాని కింద ఐదు లైన్లు మాత్రమే పంపుతున్నాను. కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి గుర్తుంచుకోగలిగేది, 8192 టోకెన్లకు పెంచాను. టెంపరేచర్, అంటే జవాబులో అటూ ఇటూ పోయే స్వేచ్ఛ, 0.2. లాటెక్‌ను నాన్‌స్టాప్ మోడ్‌లో నడపడం మర్చిపోవద్దు. లేకపోతే తప్పు దగ్గర ఆగి, మనం ఎంటర్ నొక్కుతామేమోనని అలాగే చూస్తూ ఉంటుంది.

తెలుగు అక్షరాలతో రెండు రోజులు పోయాయి. లాటెక్‌లోనే ఇంకో రకమైన పీడీఎఫ్‌లాటెక్ తెలుగును అసలు దగ్గరికే రానివ్వలేదు. లువాలాటెక్‌లో అక్షరాలు వచ్చాయి గానీ 'స్పర్శరేఖ'లో పా వత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడింది, ర్శ రెండు ముక్కలైంది. ఫాంట్ బాగాలేదనుకుని మూడు ఫాంట్లు మార్చాను. గొడవ ఫాంట్‌లో లేదు. ఫాంట్లు ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో రెండరర్ (అక్షరాలను కూర్చేది) హార్ఫ్‌బజ్ అని, స్క్రిప్ట్ (లిపి) తెలుగు అని రెండూ చెప్పాలి. చెప్పగానే వత్తులన్నీ వాటి చోటికి అవే వెళ్లి కూర్చున్నాయి.

ఈ చిన్న మోడల్‌కు తెలుగు అంతంతమాత్రమే. ఛేదనరేఖ (వృత్తాన్ని రెండు చోట్ల ఖండించి బయటికి సాగే గీత) అంటే జ్యా గీస్తుంది, నిమ్నకోణం (పైనుంచి కిందికి చూసే కోణం) అంటే ఏదో ఒక కోణం. అందుకే ముప్పై మాటల పట్టిక రాసుకున్నాను. మోడల్‌కు పంపేముందు స్క్రిప్ట్ వాటిని ఇంగ్లీషులోకి మార్చేస్తుంది. బొమ్మ మీద రావాల్సిన తెలుగు పేర్లను మాత్రం ముట్టుకోదు.

ఇక అసలు కథ. వ్యాసార్థం 3 సెం.మీ., కేంద్రం నుంచి 5 సెం.మీ. దూరంలో బిందువు, స్పర్శరేఖ పొడవు 4, అది వ్యాసార్థంతో కలిసే చోట కోణం 90 రావాలి. బొమ్మ ముచ్చటగా వచ్చింది. పంపేశాను. హనుమకొండ చౌరస్తాలో ప్రింట్లు తీయించారు. ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోన్. "ఏంది తమ్మీ, ఈ పిలగాడు కోణమాని పెట్టి చూసిండు. 90 రావాల్సిన కాడ 83 వస్తుందంటున్నడు."

ముందు జిరాక్స్ షాపు మీద నెట్టేశాను. 'ఫిట్ టు పేజ్' పెట్టి ఉంటారని. ఆ మాట అన్నాక నాకే తట్టింది. పేజీకి సరిపెడితే పొడవులు తగ్గుతాయి గానీ కోణాలెందుకు మారతాయి?

కోడ్ తెరిచి చూశాను. స్పర్శబిందువు నిరూపకాలు 1.5, 2.6 అని రాసింది. వర్గాలు కలిపితే 9.01, అంటే బిందువు వృత్తం మీదే ఉంది. కానీ అది 60 డిగ్రీల దగ్గరి బిందువు. ఇక్కడ కావాల్సిన కోణం కొసైన్ 3/5, అంటే దాదాపు 53.13 డిగ్రీలు. బిందువు 1.8, 2.4 దగ్గర ఉండాలి. మోడల్ లెక్క చేయలేదు, అలవాటైన కోణం వేసేసింది. ఆ గీత వృత్తంలోకి దిగింది 0.02 సెం.మీ. మాత్రమే, కంటికి ఎక్కడ కనిపిస్తుంది? కానీ కోణం 83.4 డిగ్రీలు, పొడవు 4కు బదులు 4.36. ఆ పిల్లవాడికి అక్క ఒక మార్కు ఎక్కువ వేసింది.

అప్పటినుంచి మోడల్‌కు నిరూపకాలు లెక్కించే పని ఇవ్వడం లేదు. దత్తాంశంలో ఉన్న బిందువులు మాత్రమే అంకెల్లో రాయాలి, మిగతావన్నీ నిర్మాణక్రమంలోనే రావాలని గట్టిగా చెప్పాను. స్పర్శరేఖలకైతే బళ్లో చెప్పే పద్ధతే. కేంద్రాన్ని, బయటి బిందువును కలిపే రేఖాఖండం వ్యాసంగా ఇంకో వృత్తం గీసి, రెండు వృత్తాలు ఖండించుకునే చోట్లు తీసుకోవాలి. అర్ధవృత్తంలో కోణం లంబకోణం కదా, 90 దానికదే వస్తుంది. ఆ ఖండన బిందువులను టిక్‌జెడ్‌లోని ఇంటర్‌సెక్షన్స్ లైబ్రరీ తీసిస్తుంది. ఇలా మూడు నమూనా కోడ్‌లు సూచనల్లో పెట్టాక మోడల్ దారిలో పడింది.

అయినా నమ్మలేదు. ప్రతి బిందువు నిరూపకాలూ లాగ్‌లోకి రాయిస్తున్నాను. లంబం అన్నచోట పైథాన్ కోణం లెక్కగట్టి, 90కి పదో వంతు డిగ్రీ తేడా ఉన్నా బొమ్మను ఆపేస్తుంది. గత వారం తీసిన 14 బొమ్మల్లో మూడింటిని ఇలాగే ఆపింది. ఆ మూడూ చూడ్డానికి చక్కగా ఉన్నవే.

నా సరదాకు రామప్ప గుడి పీఠంలాంటి నక్షత్రాకారం గీయమంటే, జెండా మీద ఉండే ఐదు కోణాల చుక్క గీసిచ్చింది. చివరికి ఒక చతురస్రం, దాన్నే 45 డిగ్రీలు తిప్పిన ఇంకో చతురస్రం కలిపి నేనే రాసుకున్నాను. ఎనిమిది కోణాలు వచ్చాయి గానీ రామప్ప పోలికలు ఇంకా రాలేదు.

ప్రస్తుతం ఊర్ధ్వకోణాల (కిందినుంచి పైకి చూసే కోణాల) బొమ్మలు నడుస్తున్నాయి. స్తంభానికి బదులు ఓరుగల్లు కోట తోరణం కావాలని అక్క ఆర్డర్. గురువారం లోపు పన్నెండు. తోరణాన్ని నేనే ఒకసారి కోడ్‌లో గీసి పెట్టాను. మోడల్ దాన్ని తెచ్చి కోణం దగ్గర నిలబెడితే చాలు. నిన్న రాత్రి మాత్రం తలకిందులుగా నిలబెట్టింది.