మిర్చి తొడిమలో తేమ: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో నా అనుభవం

గుంటూరు యార్డులో చాలాసార్లు మిర్చి బేరం తేమ దగ్గరే ఆగిపోతుంది. ఎండుమిర్చిలో తేమ 11 శాతం దాటకూడదన్నది ఆహార భద్రతా ప్రమాణం. నా ప్రాజెక్టుకు తెచ్చుకున్న రెండు లాట్ల తేజ రకం కాయలూ ఆ లోపే ఉన్నాయి. అయినా ఒక లాట్‌లో తొడిమల దగ్గర బూజు పట్టింది. శాతం సరిగ్గానే ఉన్నప్పుడు నీరు కాయలో ఎక్కడ దాక్కుందో చూడాలని పట్టుదల వచ్చింది.

తేమ శాతం మైక్రోస్కోప్ చెప్పదు, దానికి వేరే కొలత ఉండాల్సిందే. ఓవెన్‌లో పెడితే నీటితోపాటు ఆవిరయ్యే నూనెలూ పోయి లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకే మసాలా దినుసులను టొల్యూన్ అనే ద్రావకంలో మరిగించి, విడిగా దిగిన నీటిని గీతల గొట్టంలో కొలుస్తారు. గొట్టంలో నీటి మట్టం పెరగడం ఆగేదాకా ఓపిక పట్టాలి.

అసలు టెన్షన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాడుకునే స్లాట్ దొరికాక మొదలైంది. మామూలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గాలి మొత్తం తీసేస్తారు. తడి ముక్క పెడితే నీరు ఆవిరైపోతుంది, వాక్యూమ్ నిలవదు. ఆరబెట్టి బంగారు పూత వేసి చూద్దామన్నారు ఆపరేటర్ గారు. అప్పుడు కణాల గోడలు కనిపిస్తాయి సరే, నేను వెతికే నీరే ఉండదు కదా! మా గైడ్ మేడమ్ పట్టుబట్టి తడి ముక్కనూ చూడగలిగే ఎన్విరాన్‌మెంటల్ రకం మైక్రోస్కోప్ ఉన్న ల్యాబ్‌లో అనుమతి తెప్పించారు.

అందులో కొద్దిగా నీటి ఆవిరి వదులుతారు. ముక్కను 5 డిగ్రీలకు చల్లబరిస్తే, దాదాపు 870 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర ఆవిరి నీరుగా మారుతుంది. ఒత్తిడి మెల్లగా పెరుగుతుంటే నేను స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. మైనపు పొర ఉన్న పైతోలు మీద నీరు గుండ్రటి బొట్లుగా నిలిచింది. తొడిమ కోసిన చోట మాత్రం బొట్టు నిలవలేదు, పీచు సందుల్లోకి ఇంకిపోయింది. ఒత్తిడి తగ్గించగానే తోలు ఆరింది, ఆ సందుల్లో నీరు మాత్రం చాలాసేపు కదల్లేదు.

తర్వాత తొడిమలు, కండ, గింజలు వేరుచేసి టొల్యూన్ పద్ధతిలోనే మళ్లీ కొలిచాం. బూజు పట్టిన లాట్‌లో తొడిమల తేమే ఎక్కువ. కల్లంలో గలగలమనే కాయకు కూడా తొడిమ విరిచి చూడాలి, పుటుక్కున విరగకుండా వంగితే ఇంకా ఎండాలి.

ఈ పనికి దిగేవాళ్లు స్లాట్ తీసుకునే ముందే ముక్కను చల్లబరిచే ఏర్పాటు ఉందో లేదో అడగండి. కాయలను గాలి చొరని డబ్బాలో, తేమ కొలిచిన రోజే తీసుకెళ్లండి.