బాకా లోయ వెతుక్కుంటూ

మా అమ్మ బైబిలులో 84వ కీర్తన ఉన్న పుట మిగతా పుటలకంటే మెత్తగా ఉంటుంది. వేలు పెట్టి వరుస వెంట చదవడం ఆమె అలవాటు. "వారు బాకా లోయలోబడి వెళ్లుచు దానిని జలమయముగా చేయుదురు" అన్న ఆరో వచనం దగ్గర ఆ వేలు కాసేపు ఆగేది. బాకా అంటే ఏమిటని చిన్నప్పుడు అడిగితే, "ఏదో ఊరి పేరై ఉంటుందిలే" అంది. అమ్మ పోయిన తరువాత వచ్చిన నవంబరులో, ఆ బైబిలును సంచిలో పెట్టుకుని యెరూషలేము యాత్రకు వెళ్లాను.

గలిలయ సరస్సు, యొర్దాను, బేత్లెహేము, ఒలీవల కొండ చూశాం. అవన్నీ చాలామంది రాశారు. నాకు చెప్పాలని ఉన్నది ఒక సాయంత్రం గురించే. ఆ పూట అందరికీ విశ్రాంతి. మాతో వచ్చిన అయ్యగారు వేదాంత కళాశాలలో హెబ్రీ నేర్చుకున్నవారు. నడవగలిగిన నలుగురినీ పాత రైల్వే స్టేషనుకు తీసుకువెళ్లారు. 1892లో యాఫా నుంచి యెరూషలేముకు రైలు వచ్చింది అక్కడికే. ఇప్పుడు రైళ్లు లేవు. పట్టాల మధ్య చెక్కలు పరిచి నడకదారి చేశారు. దాని పేరు పార్క్ హమెసిలా.

"మెసిలా అంటే మట్టి పోసి ఎత్తు చేసిన బాట. ఇప్పటి హెబ్రీలో రైలు మార్గాన్నీ ఆ మాటతోనే అంటారు. మీ కీర్తనలో ఐదో వచనంలో ఉన్నది ఇదేనమ్మా" అన్నారు అయ్యగారు. 'యాత్రచేయు మార్గములు వారికి అతి ప్రియములు' అని మనం చదువుకునే చోట, హెబ్రీలో ఉన్నది దాదాపుగా 'వారి హృదయాల్లో బాటలున్నాయి' అని.

కొంత దూరం పోయాక ఒక పేట పేరు కనబడింది: బకా. నా గుండె ఝల్లుమంది. సంచిలోంచి బైబిలు తీసి ఆయనకు చూపించాను. ఆయన నెమ్మదిగా తల అడ్డంగా ఊపారు. ఈ పేట పేరుకు అర్థం మైదానం, అక్షరాలు వేరు. కీర్తనలోని బాకా ఆ రూపంలో బైబిలు మొత్తంలో అక్కడ ఒక్కచోటే వస్తుంది.

బల్ల మీద కూర్చుని, నా బస్సు టికెట్టు వెనక ఆయన రెండు మాటలు రాశారు. చివర 'ఆలెఫ్' అక్షరం ఉంటే బాకా ఒక చెట్టు. చివర 'హే' ఉంటే ఏడవడం. కీర్తనలో ఉన్నది ఆలెఫ్. దావీదు రెఫాయీము లోయలో ఫిలిష్తీయుల మీదికి వెళ్లినప్పుడు ఆ చెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినిపించిందే, తెలుగులో కంబళి చెట్లన్నారే, వాటి పేరు ఇదే మాటకు బహువచనం. అది ఏ చెట్టో పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. బంక కన్నీటి చుక్కల్లా కారే చెట్టని కొందరంటారు. గ్రీకులోకి మార్చినవారు మాత్రం ఏడుపునే తీసుకున్నారు. లాటిన్‌లోనూ అది కన్నీటి లోయ అయింది. మన తెలుగు అనువాదకులు దాన్ని అర్థంలోకి మార్చకుండా బాకా అనే ఉంచారు. మంచి పని చేశారు. చెట్టూ కన్నీరూ రెండూ అందులో మిగిలాయి.

"ఇంకో సంగతి. కన్నుకూ ఊటకూ హెబ్రీలో ఒకటే మాట, అయిన్. జలమయం అని మనం చదివేది మయాన్. ఆ అయిన్ నుంచే వచ్చింది" అన్నారాయన.

మాది పల్నాడు. వేసవిలో వాగు ఎండితే అమ్మ ఇసుకలో చెలమ తవ్వేది. మొదట ఊరే బురదనీళ్లు చిప్పతో తోడి పారబోసి, ఊట తేరుకునేదాకా పక్కనే కూర్చునేది. బిందె నిండాక చెలమను పూడ్చనిచ్చేది కాదు, వెనక వచ్చేవాళ్లకు కావాలని. మా నాన్న చనిపోయిన ఏడాది కూడా ఆ చెలమ దగ్గర ఆమె ఒక్కతే చాలాసేపు కూర్చునేది. వచనంలో లోయ తనంతట తాను ఊట కాలేదు. నడిచి వెళ్లేవాళ్లు చేశారు, చేసి ముందుకు పోయారు. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు అమ్మ చేతులు కనబడ్డాయి. గోళ్లలో తడి ఇసుక.

ఎండలు తగ్గి నవంబరు వచ్చినా అక్కడి నేల ఇంకా పొడిగానే ఉంది. ఆ దేశంలో వేసవి పొడవునా వాన ఉండదు, మనకు జూనులో వచ్చే తొలకరి వాళ్లకు ఇప్పుడు మొదలవుతుంది. 'తొలకరి వాన దానిని దీవెనలతో కప్పును' అన్న మాట చదువుతుండగానే చెక్కల మీద పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. దుమ్ము వాసన లేచింది, అచ్చం మా ఊరి వాసనే. దీవెనలు బెరాఖోత్, నీటి కుంటలు బెరేఖోత్, హల్లులు మారవు, అచ్చు ఒక్కటే మారుతుంది అని అయ్యగారు చెబుతున్నారు. దారిన పోతున్న ఒక ముసలాయన గొడుగు విప్పకుండా అరచేయి చాపి నిలబడ్డాడు.

నేను బైబిలును కొంగులో చుట్టుకున్నాను.

"ఇంతకీ మా అమ్మ చదివింది ఏ బాకా అయ్యగారూ? చెట్టా, ఏడుపా?"

"పలికితే రెండూ ఒకటేనమ్మా" అన్నారు.

వాన పెరిగింది. బస వైపు తడుస్తూనే నడిచాం.