దారం రాలిన చోట

లండన్‌లో హాక్నీ విక్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ వస్తుంది, అంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం (వీ అండ్ ఏ) తన వస్తువుల్ని భద్రపరిచే చోటు. 2025లో తెరిచారు. రెండు వారాలు ముందుగా బుక్ చేసుకుంటే, భద్రపరిచిన వస్తువుల్లో మనం అడిగినవి, ఐదింటి దాకా, బయటికి తీసి చూపిస్తారు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. నేను అడిగింది కాయిఫ్‌లు. 1600 ప్రాంతంలో ఇంగ్లండ్ ఆడవాళ్లు ఇంట్లో పెట్టుకున్న ఎంబ్రాయిడరీ టోపీలు. ఒకటి నా చేత్తో కుట్టుకోవాలని ఎప్పట్నుంచో కోరిక.

టోపీ అంటాం గానీ అదంతా ఒకే లినెన్ ముక్క. సగానికి మడిచి, నడినెత్తిన కుట్టి, వెనక కుచ్చులు పోసి, మెడ దగ్గర బొందు దూర్చి బిగిస్తారు. నా ముందు పెట్టినదానికి ఆ కుట్లు విప్పేసి ఉన్నాయి, కాబట్టి డిజైన్ మొత్తం పరిచినట్టు కనిపించింది. మెలికలు తిరిగే తీగ, ఒక్కో మెలికలో ఒక పువ్వో స్ట్రాబెర్రీయో.

నల్ల పట్టుదారం చాలాచోట్ల రాలిపోయింది. అప్పట్లో నలుపు అద్దకంలో ఇనుము వాడేవాళ్లు, ఆ ఇనుమే దారాన్ని తినేసింది. కానీ దారం పోయిన చోటే నాకు అసలు పాఠం దొరికింది. సూది దిగిన రంధ్రాలు, వాటి పక్కనే సిరాతో గీసిన గీత! ఒక ఆకు దగ్గర గీత కోసుగా ఉంది, రంధ్రాలు మాత్రం గుండ్రంగా తిరిగాయి. కుట్టినామె తనకు నచ్చినట్టు మలుచుకుంది. ఎంతసేపు చూశానో!

అందుకే సగం గీసి, మిగతా సగాన్ని కంప్యూటర్‌లో తిప్పి అతికించే ప్యాటర్న్‌లు నాకు నచ్చవు. అందులో ఆ చెయ్యి ఉండదు.

మర్నాడు సౌత్ కెన్సింగ్టన్‌లో ఉన్న వీ అండ్ ఏ మ్యూజియంలో, మార్గరెట్ లేటన్ అనే ఆ కాలపు ఇంగ్లిష్ ఆవిడ జాకెట్ చూశాను. 1610ల నాటిది. అదే జాకెట్ తొడుక్కుని ఆమె వేయించుకున్న చిత్రమూ పక్కనే ఉంది. రంగు కాయిఫ్‌ల మీద ఉండే కాజా కుట్టే ఇక్కడా ఉంది. మొదటి వరుస తప్ప మిగతా వాటిలో సూది బట్టలోకి దిగదు, పై వరుస ఉచ్చుల్నే పట్టుకుంటూ పోతుంది. రేకు మధ్యలో బట్టకు అంటకుండా నిలబడేది అందుకే.

నా కాయిఫ్‌కి మాత్రం నలుపే ఖాయం చేసుకున్నాను. లినెన్ మీద గీతలు చేత్తోనే గీస్తున్నాను, రెండు వైపులా ఒకేలా రావాలన్న పట్టింపు లేకుండా. దారం ఒక్కటే ఇప్పటిది, ఇనుము లేని రంగుది.