మా గెడ్డకి 9.2 వచ్చిందని మురిసిపోయాను

ప్రాజెక్టు రిపోర్టు మీద నిన్న సాయంత్రం సంతకం పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, నాలుగు రోజులాగితే మళ్ళీ అందరూ మంచివాళ్ళే అనిపిస్తారు.

నేను ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్. మాది భీమవరం దగ్గర, చదువు విశాఖలో. పెందుర్తి అవతల కొండ మీంచి దిగి ఊరి పక్కగా పారే ఒక చిన్న గెడ్డ ఆరోగ్యం ఎలా ఉందో చెప్పాలి, అదీ నా ప్రాజెక్టు. ఊరికి పైన ఒక చోటు, ఊరి మురుగు కలిశాక కింద ఒక చోటు ఎంచుకున్నాను. పీహెచ్, ఉష్ణోగ్రత, ప్రవాహం కొలవడం ఒక పూటలో అయిపోయింది.

సీసాలు ఇప్పించుకోవడమే పెద్ద పని. స్టోర్ గుమాస్తాకి మూడు సంతకాలు కావాలి, అవి తెచ్చాక భోజనం టైమ్. అందుకే నేను గెడ్డ దగ్గరికి చేరేసరికి రోజూ మధ్యాహ్నం రెండు. ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాకి (నీళ్ళలో ఆక్సిజన్ కొలవడానికి వాడేది) దాని మూతే పెట్టాలి, రెంటి మీదా నంబరు చూసుకోండి. నాకిచ్చిన వాటిలో రెండు సీసాలకి మూతలు తారుమారు, లోపల గాలి బుడగ ఉండిపోయి ఆ రోజు కష్టమంతా వృథా.

పురుగులు పట్టడం మాత్రం బాగుంది. ప్రవాహానికి ఎదురుగా నడుస్తూ మూడు నిమిషాలు రాళ్ళని కాలితో కదిపితే కింద పెట్టిన వలలోకి కొట్టుకొస్తాయి, తెల్ల ట్రేలో పోసి ఏరుకోవడమే. కింది చోట దొరికినవి ఎర్ర కైరొనమిడ్ పురుగులు (దోమలాంటి ఈగల పిల్లలు, ఆక్సిజన్ తక్కువైనా బతకడానికి వాటికి హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు), బురద వానపాములు, జలగలు, నత్తలు, కొద్దిగా బీటిడ్ మేఫ్లైలు (ఒక రకం ఈగల పిల్లలు), తూనీగ పిల్లలు. కాలుష్యాన్ని ఎంత తక్కువ తట్టుకుంటే ఆ పురుగు కుటుంబానికి అన్ని ఎక్కువ మార్కులు, దాన్నే బీఎండబ్ల్యూపీ స్కోరు అంటారు. అది వేస్తే ఆరు కుటుంబాలకి 21, అంటే సగటు 3.5. నాలుగు లోపు వస్తే నీరు బాగా పాడైనట్టు లెక్క. అందులోనూ 8 మార్కులు తూనీగలవే. అది బ్రిటన్ వాళ్ళు తమ నీళ్ళకి వేసుకున్న పట్టిక, మన తూనీగలు మురికి గుంటలో కూడా హాయిగా పెరుగుతాయి. అవి తీసేస్తే ఇంకా ఘోరం.

కానీ అదే చోట నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతో టైట్రేషన్ చేసి చూస్తే లీటరుకి 9.2 మిల్లీగ్రాములు! పైన కొండ దగ్గరే 7.1. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అడిగేది 5. నేనేం చేశానంటే, పురుగుల పట్టికని అనుబంధంలోకి తోసేసి, 'ఊరి మురుగు ప్రభావం కనిపించలేదు' అని రాసి, జూనియర్లందరి ముందు స్లైడు వేసి దర్జాగా నిలబడ్డాను.

మా గైడ్ ఏమీ అనలేదు. పక్కనున్న ఇంకో సారు అడిగారు. "నీళ్ళ ఉష్ణోగ్రత ఎంతయ్యా?"

"31 సార్."

"31 డిగ్రీల దగ్గర నీళ్ళు పట్టగలిగేది ఏడున్నర లోపే. 9.2 ఎక్కడి నుంచొచ్చింది?"

నోరు పెగల్లేదు. నీళ్ళు ఎన్నింటికి పట్టావన్నారు. చెప్పాను. ఏ ఊరయ్యా మీదన్నారు. చెప్పాను. మీ నాన్నగారేం చేస్తారన్నారు. "రొయ్యల చెరువులు సార్" అనేసరికి హాలంతా నవ్వు.

ఎందుకు నవ్వారో అర్థం కావడానికి నాకు ఐదు సెకన్లు పట్టింది, ఆ ఐదు సెకన్లు జన్మలో మర్చిపోను. మా నాన్న నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లవారుజామున మూడింటికి లేచి ఏరేటర్లు (నీళ్ళని చిలికి గాలి పట్టించే మోటార్లు) వేయడానికి చెరువు మీదకి పోతాడు. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు పీల్చేసుకుంటుంది, తెల్లవారేసరికి డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది. ఇది మా ఊళ్ళో బడికి పోని వాడికి కూడా తెలుసు. మురుగులోని నత్రజని, భాస్వరం తిని గెడ్డ రాళ్ళ మీద జారిపోయేంత నాచు పట్టింది, దాని మీద రెండుసార్లు జారిపడ్డాను కూడా! అయినా మధ్యాహ్నం రెండింటి లెక్క చూసి మురిసిపోయాను.

అందరి ముందూ మా నాన్న పనిని లాగక్కర్లేదని ఇప్పటికీ అంటాను. తప్పు చెప్పడానికి ఆ అంకె చాలు. గైడ్‌కైతే డ్రాఫ్టు రెండు వారాల ముందే ఇచ్చాను, ఆయన పేజీ తిప్పి ఉంటే ఈ గోలే లేదు.

మర్నాడు రాత్రే ఫ్రెండు బండి మీద పోయి తెల్లవారుజామున నాలుగున్నరకి నీళ్ళు పట్టాను. మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడు వేస్తే పగలు ముదురు గోధుమరంగులో దిగే మడ్డి ఈసారి దాదాపు మీగడలా తెల్లగా దిగింది (ఆక్సిజన్ ఎంత తక్కువైతే అంత తెలుపు). లెక్క చూడకముందే ఒళ్ళు చల్లబడింది. ల్యాబ్‌కి పోయి టైట్రేషన్ చేస్తే 1.8. పైన కొండ దగ్గర 6.4, పెద్దగా మారలేదు. ఇక రిపోర్టులో పురుగుల పట్టిక ముందుకొచ్చింది, నా 9.2 దాని కింద టైమ్ వేసుకుని కూర్చుంది.

మీరూ చేస్తుంటే స్టోర్‌తో పోట్లాడైనా సీసాలు ముందురోజే తెచ్చుకోండి.

సంగతి చెబుదామని ల్యాబ్ నుంచే నాన్నకి ఫోన్ చేశాను. చెరువు మీదే ఉన్నాడు, వెనక మోటార్ల హోరు.

"ఎంతొచ్చిందిరా?"

"1.8 నాన్నా."

"ఏరేటర్లు వేయలేదేంట్రా మరి?"