తెన్రిలో ఓయసామ ఇంట్లో

జపాన్‌లో నారా నుంచి తెన్రి ఊరికి రైల్లో పావుగంట ప్రయాణం. స్టేషన్ దగ్గర మొదలయ్యే పైకప్పున్న బజారు వీధి పట్టుకుని నడిస్తే తెన్రిక్యో అనే మతం వాళ్ల ప్రధాన మందిరం వైపు చేరతాం. వీపు మీద తెల్ల అక్షరాలున్న హాపీ అనే నల్లటి పొట్టి కోట్లతో భక్తులు దారంతా ఎదురవుతారు. మనుషులంతా మొదట పుట్టింది ఇక్కడేనని వాళ్ల నమ్మకం. అందుకే కొత్తవాళ్లనైనా సొంతింటికి తిరిగొచ్చినవాళ్లలాగే పలకరిస్తారు.

నేను వెళ్లింది ఓయసామ కోసం. ఈ మతానికి మూలమైన నకయామా మికి గారిని అలా పిలుస్తారు. 1798లో పుట్టారు, చిన్న వయసులోనే ఈ ఊరికి కోడలిగా వచ్చారు. 1838లో కొడుకు కాలినొప్పి తగ్గాలని ఇంట్లో పూజ చేయిస్తుంటే ఆవిడకి దేవుడు పూనాడు. మన ఊళ్లలో పూనకం దిగాక మనిషి మామూలైపోతుంది. ఆవిడ మాత్రం ఇక పాత కాపురంలోకి రాలేదు. ఉన్నదంతా పేదలకి పంచారు, చివరికి పెద్ద ఇల్లు కూడా విప్పించేశారు. ఊరు నవ్వింది. ఆ తర్వాత కాన్పు భయంతో వచ్చిన ఆడవాళ్లకి పథ్యాలూ నడికట్లూ ఏవీ అక్కర్లేదని ధైర్యం చెప్పి పంపడం మొదలుపెట్టాక జనం కట్టలు తెంచుకుని వచ్చారు. పోలీసులూ వచ్చారు. 1886 చలికాలంలో, తొంభైకి దగ్గరపడ్డ ముసలావిడని ఇచినొమోతో ఠాణాలో 12 రోజులు ఉంచారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మందిరం మధ్యలో పదమూడు అంచెల చెక్క స్తంభం, కాన్‌రొదాయ్. దాని పైన కప్పు ఉండదు, ఆకాశమే. చుట్టూ నాలుగు దిక్కులా తతామి అనే గడ్డి చాపలు పరిచిన ప్రార్థనశాలలు. నాలుగు చప్పట్లు కొట్టి, వంగి దణ్ణం పెట్టి, మళ్లీ నాలుగు చప్పట్లు. పక్కనున్నాయన్ని చూసి నేనూ అలాగే చేశాను.

అక్కణ్నుంచి పొడవాటి చెక్క వసారా మీదుగా ఓయసామ మందిరానికి వెళ్లాలి. ఒక పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో గుడ్డ అదిమి, సన్నగా పాడుకుంటూ పలక తర్వాత పలక తుడుచుకుంటూ ముందుకు జరుగుతోంది. జీతానికి కాదు, కృతజ్ఞతగా చేసే సేవ. ఆ చెక్క అద్దంలా మెరుస్తోంది.

1887లో ఓయసామ దేహం విడిచారు గానీ, ఇక్కడ ఆవిడ ఉన్నారు. మూడు పూటలా భోజనం పెడతారు, స్నానానికి నీళ్లు పెడతారు, రాత్రి పక్క వేస్తారు. మన గుళ్లలో స్వామికి చేసే సేవలే, కానీ ఇక్కడ ఠాణాలో చలికి కూర్చున్న ఒక ముసలమ్మకి. అది తలుచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడకి సమర్పించిన ఎర్ర బట్టల్లోంచి చిన్న ముక్కలు తీసి భక్తులకి రక్షగా ఇస్తారు.

మందిరం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. వీలైతే 26వ తేదీన వెళ్లండి. నెలనెలా ఆ రోజే పెద్ద సేవ, పదిమంది ముఖాలకి తొడుగులు ధరించి కాన్‌రొదాయ్ చుట్టూ కగురా అనే పవిత్ర నృత్యం చేస్తారు.